చియాంగ్ మాయ్‌లో వంట క్లాసు: గుడ్డు కూడా ముట్టని అమ్మతో వెళ్లవచ్చా?

వేళచ్చేరి వాసి:
జనవరిలో అమ్మను తీసుకుని చెన్నై నుంచి బ్యాంకాక్ మీదుగా థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్తున్నాను. అక్కడ ఒక పూట వంట క్లాసులో చేరాలని నా కోరిక. అమ్మకు 64 ఏళ్లు, గుడ్డు కూడా ముట్టదు. "40 ఏళ్లుగా వండుతున్నదాన్ని, డబ్బు కట్టి వంట నేర్చుకోవాలా?" అని ఒకటే సణుగుడు. నా అనుమానం వేరు. శాకాహారులకు నిజంగా వేరే దినుసులు ఇస్తారా, లేక మాంసం ముక్కలు ఏరేసి అదే గరిటె తిప్పుతారా?

మైలాపూరు అత్తగారు:
నిరుడు నేను, మా వదిన వెళ్లాం. మేమూ మీ అమ్మగారి బాపతే. శాకాహారులమని ముందే రాసి పంపితే సరేనన్నారు. తీరా కూర ముద్ద నూరే వేళకు బల్ల మీద చిన్న గిన్నెలో మట్టిరంగు ముద్ద కనిపించింది. వాసన తేడాగా ఉండి అడిగితే "కపి" అన్నారు. రొయ్యలను ఉప్పువేసి పులియబెట్టిన ముద్ద! మాంసం కాదు కదా అని వారి లెక్క.

అందుకే "మాంసం వద్దు" అని ఊరుకోకండి. నామ్ ప్లా (చేపల సాసు), కపి, ఆయిస్టర్ సాసు (ఆల్చిప్పలది), గుడ్డు అని పేరుపేరునా వద్దనండి. "జే" (అక్కడి కఠిన శాకాహారం) అని చెబితే ఇవన్నీ పోతాయి, కానీ ఉల్లి, వెల్లుల్లి కూడా పోతాయి. కార్తిక సోమవారమైతే సరే, కూర నేర్చుకోవడానికి కష్టం. అక్కడి పేరున్న కొబ్బరిపాల నూడుల్స్ వంటకం ఖావ్ సోయ్‌లో నూడుల్స్‌కే గుడ్డు కలుపుతారు. బియ్యపు నూడుల్స్ అడగండి.

సణుగుడు సంగతి రోలు చూసుకుంటుంది. పచ్చిమిర్చి, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లం జాతి దుంప) రాతి రోట్లో వేసి నూరాలి. మా వదిన 20 నిమిషాలు దంచి "మెత్తబడింది" అంది. నేర్పే ఆవిడ ముద్దను వేళ్లతో నలిపి, నిమ్మగడ్డి పోగు ఒకటి లాగి చూపించి, రోకలి మళ్లీ చేతికిచ్చింది. మా ఇంట్లో వదిన వంటకు వంక పెట్టినవారు అప్పటిదాకా లేరు! పోపు కూడా ఉండదు. చిక్కటి కొబ్బరిపాలను నూనె తేలేదాకా మరిగించి, ఆ నూనెలోనే ముద్దను వేయిస్తారు. చివర్లో వేసే మక్రుత్ (నిమ్మజాతి చెట్టు) ఆకును నలిపి చూడండి, మజ్జిగలో వేసుకునే దబ్బాకు గుర్తొస్తుంది.

అడయార్ భోజనప్రియుడు:
మరీ మురిసిపోకండి. నేను చేరినచోట అన్నీ ముందే తరిగి, నూరి, పళ్లేల్లో సర్ది ఉంచారు. మేము కలిపి ఫొటో దిగాం, అంతే. డబ్బు కట్టే ముందు రెండే అడగండి: ముద్ద మాతో నూరిస్తారా, ఒక్కొక్కరికి విడిగా పొయ్యి ఉంటుందా?

పెరంబూరు పాఠకురాలు:
తిరిగొచ్చాక దుంపరాష్ట్రం కోసం వెతుక్కోవద్దు. నాటుమందుల కొట్లో "పేరరత్తై" అని అడగండి. "చిత్తరత్తై" ఇస్తే తీసుకోకండి, అది దగ్గు కషాయంలో వేసే చిన్న రకం. దొరికేది ఎండు దుంప కాబట్టి చారులో ఉడికించడానికి బాగుంటుంది, నూరడానికి పనికిరాదు.

వేళచ్చేరి వాసి:
అందరికీ ధన్యవాదాలు. అమ్మకు చదివి వినిపించాను. నిమ్మగడ్డి పోగు దగ్గర నవ్వి, "ఆ రోలు బరువెంతట? పెట్టెలో పడుతుందా?" అని అడుగుతోంది.