నమ్మకం లేని ప్రత్యర్థితో ఆడనని చెప్పే హక్కు చదరంగం ఆటగాడికి ఉందా?

పలమనేరు నుంచి ఒక తండ్రి:
తిరుపతి ఓపెన్ టోర్నీల్లో మా అబ్బాయికి తరచుగా జత పడే ఒక కుర్రాడు ఆట మధ్యలో పదే పదే బయటికి వెళ్లివస్తున్నాడట; అక్కడ ఫోన్‌లో ఎత్తులు చూసుకుంటున్నాడని మావాడి అనుమానం. ఈసారి ఎవరికి ఎవరో చెప్పే జాబితాలో (పెయిరింగ్‌లో) ఆ పేరు వస్తే బోర్డు దగ్గరికే వెళ్లనని మావాడు పట్టుబట్టాడు. 2022లో ప్రపంచ విజేతగా ఉన్న కార్ల్‌సన్ ఇలాగే చేస్తే లేని తప్పు తాను చేస్తే ఎలా వచ్చిందని అడుగుతున్నాడు. పెద్దలు ఏమంటారు?

తిరుపతి ఆర్బిటర్:
ఆట న్యాయనిర్ణేతగా (ఆర్బిటర్‌గా) చెబుతున్నాను, కార్ల్‌సన్ కథను చివరిదాకా చెప్పండి. 2022 సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో జరిగిన సింక్‌ఫీల్డ్ కప్ మూడో రౌండులో అమెరికా కుర్రాడు నీమన్ చేతిలో ఓడిన మరునాడే, అతను మోసం చేస్తున్నాడన్న అనుమానంతో ఆయన తప్పుకున్నారు. సగం ఆటలైనా పూర్తి కానందున ఆయన మూడు ఫలితాలూ పట్టికలోంచి తీసేశారు. నల్లపావులతో ప్రపంచ విజేతను ఓడించిన నీమన్‌కు ఆ పాయింటు దక్కలేదు సరే. ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మరో ఆటగాడు అరోనియన్ కార్ల్‌సన్‌పై కష్టపడి తెచ్చుకున్న డ్రా గాలికి పోగా, తొలి రౌండులో ఆయన చేతిలో ఓడిన నెపోమ్నియాచ్చికి ఆ ఓటమి చెరిగిపోయింది. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

అదే నెలలో ఆన్‌లైన్‌లో జరిగిన జూలియస్ బేర్ జనరేషన్ కప్‌లో నీమన్‌పై ఒక్క ఎత్తు వేసి ఓటమి ఒప్పుకున్న కార్ల్‌సనే, ఫైనల్లో మన అర్జున్ ఎరిగైసిని ఓడించి ఆ టోర్నీ గెలిచారు. అంతటివాడు ఒక ఆట వదులుకున్నా చెల్లుతుంది. సింక్‌ఫీల్డ్ కప్ మధ్యలో తప్పుకున్నందుకు 2023లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నైతిక సంఘం ఆయనకు 10,000 యూరోల జరిమానా వేసిన సంగతి కూడా మీవాడికి చెప్పండి.

మదనపల్లె ఆటగాడు:
ఆర్బిటర్ గారూ, రుజువు దొరికేదాకా మోసపోతూ కూర్చోవాలా? బల్గేరియాలో మోసం చేస్తున్నాడని అనుమానం పడ్డ ఇవనోవ్ అనే ఆటగాడితో ఆడబోమని ఎందరో మొండికేశాకే కదా, 2013లో అందులో పరికరం దాచాడేమోనని బూట్లు విప్పమనేదాకా వ్యవహారం వెళ్లింది? అతను విప్పనన్నాడు, ఆట పోగొట్టుకున్నాడు.

తిరుపతి ఆర్బిటర్:
అక్కడ పని చేసింది తనిఖీ. ఆ తనిఖీ కోరే దారి మీకూ తెరిచే ఉంది. ఎత్తు వేయవలసిన వంతు తనదైనప్పుడు ఆటగాడు అనుమతి లేకుండా ఆటస్థలం వదలకూడదు. ఎవరి జేబులైనా, సంచులైనా చూసే అధికారం ఆర్బిటర్‌కు ఉంది. గడియారం నొక్కకముందే వచ్చి నా చెవిన వేస్తే, ఆ కుర్రాడు లేచిన ప్రతిసారీ వెంట ఒక మనిషిని పంపుతాను. మీవాడు రాకపోతే జరిగేది వేరు: ప్రత్యర్థి రాలేదు కాబట్టి ఆడకుండానే గెలుపు (వాకోవర్) దక్కి అవతలివాడు పూర్తి పాయింటు జేబులో వేసుకుని పైబోర్డుకు ఎక్కుతాడు, తర్వాతి రౌండులో శ్రీకాళహస్తి పిల్లవాడో, పుత్తూరు పిల్లవాడో వాడి ఎదుట కూర్చుంటాడు. పైగా అనుమానం నిజమో కాదో తేల్చాలంటే ఎత్తులను కంప్యూటర్‌తో పోల్చిచూడాలి. ఆడని ఆటకు ఎత్తులు రాసుకున్న స్కోరుషీటు ఎక్కడిది?

పలమనేరు నుంచి ఒక తండ్రి:
సరే సార్. ఆదివారం మొదటి రౌండుకు ముందే మావాడిని మీ బల్ల దగ్గరికి తీసుకొస్తాను. ఫిర్యాదు మాత్రం వాడి చేతే రాయించండి.