‘హియర్ కమ్స్ ఇట్’ ఎందుకు తప్పు?

నమస్కారమండీ. మాది కోనసీమలో ముక్తేశ్వరం. పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నిన్న రేవులో కోటిపల్లి నుంచి వస్తున్న పంటును చూపించి ‘హియర్ కమ్స్ ద ఫెర్రీ’ అని రాయించాను. ఒక పాప తర్వాతి వాక్యం ‘హియర్ కమ్స్ ఇట్’ అని రాసింది. ‘హియర్ ఇట్ కమ్స్’ అనాలమ్మా అన్నాను. ఎందుకండీ అంటే చెప్పలేకపోయాను. తెలుగులో ‘అదిగో వస్తోంది పంటు’, ‘అదిగో వస్తోంది అది’ రెండూ అంటాం కదా!

నెవర్, హార్డ్లీ లాంటివి ముందుకొస్తే సహాయక క్రియ కర్తకు ముందు రావాలని పిల్లలకు తెలుసు. కానీ ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ వుయ్ క్రాస్’లో మొదటి భాగం అలాగే ఉండి, రెండోదే ఎందుకు తిరగబడింది? పిల్లలకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి. సోమవారం ఆ పాప మళ్లీ అడుగుతుంది.