హీటర్ పైపు ప్లాస్టిక్ కనెక్టర్ విరిగింది: ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

నమస్కారం. మాది 2014 నాటి పెట్రోల్ కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. నిన్న సాయంత్రం మూసాపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉండగా బానెట్ సందుల్లోంచి తియ్యటి వాసనతో ఆవిరి వచ్చింది. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, గంటసేపు చల్లారనిచ్చి చూస్తే, ఇంజన్ నుంచి హీటర్‌కు వెళ్లే రబ్బరు పైపు చివరనున్న నల్లటి ప్లాస్టిక్ కనెక్టర్ మెడ దగ్గర తెగి ఉంది. ఒక సగం పైపులో, మరో సగం ఇంజన్ వైపు అల్యూమినియం గొట్టంలో ఇరుక్కుపోయాయి. కనెక్టర్ విడిగా దొరకదని, పైపుల సెట్టు మొత్తం మార్చాలని గ్యారేజీలో చెప్పారు. ఇంజన్ ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను కనుక పనిముట్లు ఉన్నాయి. ఇది కూడా నావల్ల అవుతుందా? అప్పటిదాకా ఎపాక్సీ ముద్ద పెట్టి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లి రావచ్చా? టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను తాకలేదు, కాబట్టి ఇంజన్‌కు ఏమీ కాలేదనే అనుకుంటున్నాను.

సమాధానం 1 (మల్కాజిగిరి, వర్క్‌షాపు అనుభవం)

ముందుగా ముల్లు సంగతి. అది చూపించేది సెన్సరును తాకుతున్న ద్రవం వేడిని. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారిపోయి సెన్సరు గాలిలో మిగిలితే, హెడ్డు (ఇంజన్ పైభాగం) కాలిపోతున్నా ముల్లు మధ్యలోనే నిలబడవచ్చు. అలా కాలితే కూలెంట్ ఇంజన్ లోపలికి చేరవచ్చు. అందుచేత డిప్‌స్టిక్ తీసి ఆయిలు పాలు కలిసిన టీ రంగులోకి మారిందేమో చూడండి, పని పూర్తయ్యాక సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తోందేమో గమనించండి. ఈ రెండూ లేకపోతే చాలావరకు ముందుకు వెళ్లవచ్చు. ఎపాక్సీ ముద్ద ఆలోచన మానుకోండి: వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, లోపల పీడనం తోస్తూనే ఉంటుంది, ఆ అతుకు ఏ ఫ్లైఓవర్ మీద విడిపోతుందో చెప్పలేం.

కనెక్టర్ బిగించడం పది నిమిషాల పని. అసలు శ్రమంతా గొట్టంలో మిగిలిపోయిన ముక్కను తీయడంలోనే ఉంది. చాలామంది దాన్ని స్క్రూడ్రైవర్‌తో లోపలికి నెట్టేస్తారు, ఆ ముక్క కూలెంట్‌తో పాటు తిరిగి హీటర్ కోర్‌లోనో (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే కవాటం) దగ్గరో చిక్కుకుంటుంది. మీరు ముందు గొట్టం లోపలికి గుడ్డ పీలిక కుక్కి, దాని కొసను బయటే వదలండి. హ్యాక్సా బ్లేడు ముక్కకు టేపు చుట్టి పట్టుకుని, ప్లాస్టిక్‌లో మాత్రమే నిలువుగా ఒక గాటు పెట్టండి. అల్యూమినియం మీద గీత పడితే ఓ-రింగ్ (అతుకు కారకుండా మూసే రబ్బరు ఉంగరం) అక్కడ ఎప్పటికీ కారుతూనే ఉంటుంది, కాబట్టి గాటు పూర్తిగా తెగకముందే ఆపి, ముక్కు ప్లయర్‌తో ఆ ముక్కను లోపలికి నలిపి లాగండి. తీసిన ముక్కలన్నీ కాగితం మీద పేర్చి, కనెక్టర్ ఆకారం పూర్తయిందో లేదో సరిచూసుకోండి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఆ ముక్క ఇంకా లోపలే ఉన్నట్టు.

కొత్త ఓ-రింగ్‌కు కూలెంటే రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కనెక్టర్‌ను నేరుగా నెట్టి, క్లిప్పు టక్కుమన్నాక వెనక్కి లాగి చూడండి.

సమాధానం 2 (సికింద్రాబాద్)

విడి కనెక్టర్ కోసం రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో అడగండి. విరిగిన ముక్కలు చేతిలో పెట్టుకుని వెళ్లడం మంచిది, కారు పేరు చెబితే మూడు రకాలు తీసి ముందు పెడతారు. వెర్నియర్‌తో పైపు లోపలి వ్యాసం కూడా కొలుచుకోండి, 16 మిల్లీమీటర్లకూ 19కీ తేడా కంటికి అంతగా ఆనదు. కొందరు ఇత్తడి కనెక్టర్ అంటగడతారు. రెండు రబ్బరు పైపుల మధ్య అతుకుకు అది పనికొస్తుంది కానీ, మీ బండిలో ఒకవైపు క్లిప్పుతో కూర్చునే రకం కనుక దానికి తగ్గ ప్లాస్టిక్‌దే తీసుకోవడం మేలని నా అభిప్రాయం. పదేళ్ల వేడికి ఒక కనెక్టర్ పెళుసుబారిందంటే దాని జంట కూడా అదే స్థితిలో ఉంటుంది, రెండూ కొనండి.

సమాధానం 3 (ఉప్పల్)

నీటి గురించి ఒక మాట. మన బోరు నీళ్లు పొయ్యకండి. బకెట్టు అంచున పేరుకునే సున్నపు చారే రేడియేటర్ లోపలా పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. ఆ మిశ్రమం సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రేడియేటర్ మూత పీడనాన్ని నిలిపితే ఆ హద్దు 120 దాటుతుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న మన ఊళ్లో ఉత్త నీళ్లయితే 98 డిగ్రీలకే మరుగుతాయి. రంగు చూసి కూలెంట్ కొనవద్దు, ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి, మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోండి. కారిన పాత కూలెంట్‌ను ట్రేలో పట్టి మూత ఉన్న డబ్బాలో పోయండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, వీధి కుక్కలు నాకితే బతకవు.

ప్రశ్న అడిగినవారు (మూడు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ఆయిలు శుభ్రంగానే ఉంది. ముక్కలు పేరిస్తే గోరంత ఖాళీ కనిపించింది. గుడ్డ పీలిక మెల్లగా బయటికి లాగితే ఆ ముక్క దాని మడతలోనే అంటుకుని వచ్చింది. రెండు కనెక్టర్లూ మార్చాను. కూలెంట్ పోశాక ఇంజన్ పావుగంట నడిపాను, రేడియేటర్ పై పైపు వేడెక్కింది కానీ హీటర్‌లో చల్లగాలే వస్తోంది. కారణం ఏమై ఉంటుంది?

సమాధానం 1 (మల్కాజిగిరి)

హీటర్ కోర్‌లో గాలి నిలిచిపోయింది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. మీ అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు మీద, గేటు బయటి వైపున, ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. సెల్లార్ లోపల మాత్రం ఇంజన్ నడపవద్దు, ఆ పొగ ప్రాణాంతకం. ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బుడగలు వస్తున్నంతసేపూ కూలెంట్ నింపుతూ, పై పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి వదులుతూ ఉండండి. మట్టం పొంగడం మొదలవగానే మూత బిగించి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి.

ప్రశ్న అడిగినవారు

వేడిగాలి వచ్చింది. ఈ ఉదయం చల్లని ఇంజన్ మీద చూస్తే కారులోని కూలెంట్ డబ్బాలో మట్టం వేలెడు తగ్గింది. కనెక్టర్ల కింద పరిచిన పాత వార్తాపత్రిక పొడిగానే ఉంది.

సమాధానం 1 (మల్కాజిగిరి)

పత్రిక పొడిగా ఉందంటే అది మిగిలిన గాలి బయటికి వచ్చినందువల్ల తగ్గిన మట్టమే అయి ఉండాలి. పై గీత దాకా నింపి, వారం రోజులు పొద్దున్నే ఒకసారి చూడండి.