చర్చ: ముట్లు ఆగాక కళ్ళు ఎండిపోతుంటే హార్మోన్ మాత్ర వేసుకోవాలా, వద్దా?

కర్నూలు టీచరమ్మ:
విషయం సూటిగా చెప్తాను. నాకు యాభై దగ్గర పడుతోంది. ముట్లు ఆగిపోయినప్పటి నుంచే కళ్ళ గోల మొదలైంది. పొద్దున లేస్తూనే రెప్పలు అతుక్కుని ఉంటాయి. సాయంత్రం పేపర్లు దిద్దే టైముకు ఇసుక పోసినట్టు గరగర. స్కూటీ మీద గాలి తగిలితే మాత్రం ధారగా నీళ్ళు. "నీళ్ళు కారే కళ్ళు పొడిబారడమేంది?" అని ఇంట్లో నవ్వులు.

కంటి డాక్టరు చుక్కలు రాశారు. "వయసు, ఫోను, అంతే" అన్నారు. ముట్ల సంగతి అసలు అడగలేదు. మా వదినకు ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు ఉంటే గైనకాలజిస్టు హార్మోన్ మాత్రలు మొదలుపెట్టింది. "నువ్వూ అడుగు, కళ్ళు కూడా బాగుపడతాయి" అంటోంది వదిన.

నా వాదన ఇదీ. ఈ జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. ముట్లు ఆగాక ఇంకా పెరుగుతుంది. అంటే కారణం హార్మోనే. కారణం హార్మోన్ అయినప్పుడు మందు కూడా హార్మోనే కావాలి కదా? కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి. దయచేసి "డాక్టర్ని కలవండి" అని ఒక్క ముక్క రాసి పోవద్దు. కలిసొచ్చాకే ఇక్కడ అడుగుతున్నా.

బుడ్డలచేను:
అక్కా, మా ఊళ్ళో బుడ్డల (వేరుశనగ) మిషన్ ఆడినన్నాళ్ళూ ఆడా మగా అందరికీ కళ్ళు ఎర్రగానే ఉంటాయి. దుమ్ము, ఎండ. ఏప్రిల్‌లో కర్నూలు గాలికి బండరాయి కూడా పగులుతుంది. దానికి హార్మోన్లు, పరీక్షలు ఎందుకు? నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుని పడుకోండి, చల్లగా ఉంటుంది.

అనంతపురం ఎర్రనేల:
నేను ఒక కంటి క్లినిక్‌లో కళ్ళు పరీక్షించే ఆప్టోమెట్రిస్టుని. డాక్టర్ని కాదు. రోజూ ఈ కళ్ళనే చూస్తుంటాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మీ మొదటి మాటతో నాకు పేచీ లేదు. హార్మోన్లకు, పొడి కళ్ళకు సంబంధం ఉంది. కాకపోతే మీరనుకుంటున్న హార్మోన్ వేరు, అసలు హార్మోన్ వేరు. కన్నీరంటే ఒట్టి నీళ్ళు కాదు. పైన పల్చటి నూనె పొర ఉంటుంది, ఆ నీళ్ళు ఆవిరైపోకుండా అది కాపాడుతుంది. ఆ నూనె వచ్చేది రెప్పల అంచులో వరుసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి. ఈ గ్రంథులను పనిచేయించేవి ముఖ్యంగా ఆండ్రోజన్లు. మనం మగ హార్మోన్లు అంటామే, అవే. ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉంటాయి, వయసుతో పాటు తగ్గుతాయి. ముట్లు ఆగాక తగ్గే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్, మీ వదిన వేసుకునే లాంటి మాత్రల్లో ఉండేది అదే. దాని పని ఇంకో రకం. చర్మంలో అయినా రెప్పలో అయినా నూనె గ్రంథులను అది తగ్గించే వైపే లాగుతుంది. కాబట్టి ఈస్ట్రోజన్ మాత్ర వేసుకుంటే కళ్ళు తడిగా అవుతాయన్న లెక్క కుదరదు.

ఇది నా సొంత ఊహ కాదు. 2001లో అమెరికాలో ముట్లు ఆగిన 25,665 మంది ఆడవాళ్ళ వివరాలు తీసి చూశారు. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడేవాళ్ళలో పొడి కళ్ళ అవకాశం, ఏ హార్మోనూ వాడనివాళ్ళతో పోలిస్తే 69 శాతం ఎక్కువగా తేలింది. ప్రొజెస్టిరోన్ అనే ఇంకో ఆడ హార్మోన్ కూడా కలిపి వాడేవాళ్ళలో 29 శాతం ఎక్కువ. వాడే ఏళ్ళు పెరిగేకొద్దీ అవకాశమూ పెరిగింది.

నీళ్ళు కారే సంగతి కూడా చెప్తాను. నూనె పొర సరిగా లేనప్పుడు గాలి తగిలితే కంటి పైపొర ఎండి మండుతుంది. ఆ మంటకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. అవి జారిపోతాయే తప్ప కంటి మీద నిలవవు. మీ ఇంట్లోవాళ్ళకు ఇది చదివి వినిపించండి.

కర్నూలు టీచరమ్మ:
థాంక్స్ అన్నా, బాగా వివరించారు. అయినా నేను ఒప్పుకోను. ఆ 2001 లెక్క చూసి చెప్పింది మాత్రమే, మాత్రలిచ్చి పరీక్షించింది కాదు. మెనోపాజ్ బాధలు బాగా ఎక్కువున్నవాళ్ళే మాత్రల దాకా పోతారు. వాళ్ళకు పొడి కళ్ళు ముందే ఉండి ఉండొచ్చు కదా? నేను చెప్పేది లెక్కల సబ్జెక్టే. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని రాస్తే మా పిల్లలకు మార్కులు తీసేస్తాను.

అనంతపురం ఎర్రనేల:
మంచి పాయింటే. అందుకే మాత్రల వల్లే వచ్చిందని నేను రాయలేదు. తర్వాత మాత్రలిచ్చి చూసిన చిన్న చిన్న పరీక్షలూ ఉన్నాయి. కొన్నింటిలో కాస్త మేలు కనిపించింది, కొన్నింటిలో ఏమీ లేదు. అంత గందరగోళంగా ఉన్న మందును కంటి కోసమే మొదలుపెట్టడం ఎందుకన్నది నా మాట. పక్కన ఇంకో సంగతి కూడా ఉంది. 2002లో అమెరికాలోనే పెద్ద పరీక్ష ఒకటి మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్ లాంటి మందు) కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయి.

కర్నూలు టీచరమ్మ:
ఆ 2002 పరీక్షలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. అరవై లోపు ఉండి, ముట్లు ఆగి పదేళ్ళు దాటనివాళ్ళలో ఆవిర్లు ఎక్కువగా ఉంటే మేలే ఎక్కువని ఇప్పుడు గైనకాలజిస్టులు చెప్తున్నారు. భయపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. మా వదిన రాత్రిళ్ళు ఇప్పుడే నిద్రపోతోంది.

అనంతపురం ఎర్రనేల:
మీ వదినను ఆపమని నేను అనలేదు మేడమ్. ఆవిర్లకు ఆమె వాడుతోంది, దానికి ఆ మందు పనిచేస్తుంది. మీకు ఆవిర్లు లేవు, కళ్ళే ఉన్నాయి. తేడా అక్కడే.

కడప దేవునిగడప:
మీ ఇద్దరి వాదనలో ఒకటి పక్కకు పోతోంది. నేను చెప్తాను.

నాకూ అదే వయసు, అవే కళ్ళు. చూపించిన ప్రతిచోటా "మెనోపాజ్ అమ్మా, సర్దుకుంటుంది" అన్నారు. నోరు ఎండిపోయేది. అన్నం ముద్ద మింగాలన్నా పక్కన చెంబుడు నీళ్ళు ఉండాల్సిందే. పళ్ళు ఒక్కొక్కటిగా పుచ్చాయి. వేళ్ళ కీళ్ళు నొప్పి. పళ్ళకు ఒక డాక్టరు, కీళ్ళకు ఒక డాక్టరు, కళ్ళకు ఒక డాక్టరు. మూడింటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క తగిలించి, కళ్ళు మూసుకోమని, ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. కాగితం మీద మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. తీసి చూపిస్తే తడి ఐదో గీత దాకా కూడా రాలేదు. షిర్మర్ పరీక్ష అంటారట. అక్కడినుంచి రక్త పరీక్షకు పంపారు, యాంటీ-రో అనే యాంటీబాడీ పాజిటివ్. షోగ్రెన్స్ జబ్బు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద పడి తినేస్తుంది. ఈ జబ్బొచ్చేవాళ్ళలో పదికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అదీ సరిగ్గా ఈ వయసులోనే బయటపడుతుంది. అందుకే "హార్మోన్లు" అనే గంప కింద ఇది దాక్కుంటుంది.

కాబట్టి టీచరమ్మా, ముట్ల గురించి అడగలేదని మీ డాక్టరు మీద కోపం. నన్ను అందరూ ముట్ల గురించే అడిగారు, నోటి గురించి ఒక్కరూ అడగలేదు. మీకు నోరు ఎండుతుందా?

కర్నూలు టీచరమ్మ:
లేదక్కా, నోరు బాగానే ఉంది. కీళ్ళూ బాగానే ఉన్నాయి. షుగర్, థైరాయిడ్ చూపించాను, రెండూ నార్మల్. మీరు రాసింది చదివి మా స్టాఫ్‌రూమ్‌లో ఒకామెకు పంపాను. ఆమె బాటిల్ లేకుండా క్లాసుకు పోదు.

ప్రొద్దుటూరు పెద్దకొడుకు:
ఈ పొడి కళ్ళు మగవాళ్ళకు రావా అని ఎవరికైనా డౌటు వస్తే నా దగ్గర ఒక ఉదాహరణ. మా నాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. మగ హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్లు ఇస్తున్నారు. మొదలుపెట్టాక కళ్ళ మంట. క్యాన్సర్ డాక్టరుకు చెప్తే ఆశ్చర్యపోలేదు, ఆండ్రోజన్ తగ్గితే రెప్పల నూనె తగ్గుతుందన్నారు. ఎర్రనేల అన్న చెప్పిన లెక్క ఇదే అనుకుంటా.

కర్నూలు టీచరమ్మ:
అయితే ఆ ఆండ్రోజనే మాకూ ఇవ్వొచ్చు కదా!

అనంతపురం ఎర్రనేల:
ఈ ప్రశ్న వస్తుందనే చూస్తున్నా. టెస్టోస్టిరోన్ చుక్కలు, క్రీములు పెట్టి పరీక్షలు చేశారు. మామూలు వైద్యంగా ఇంకా నిలబడలేదు. ఒంటికి ఎక్కితే ఆడవాళ్ళకు మీసాలు, గొంతు మారడం, మొటిమలు. ఎక్కడో ఆన్‌లైన్‌లో కొని పూసుకోవద్దు.

ఇంతకీ మీ రెప్పలు ఎవరైనా నొక్కి చూశారా? నా అసలు ప్రశ్న ఇది. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూపే మైక్రోస్కోపు) ముందు కూర్చోబెట్టి కింది రెప్ప అంచు మెల్లగా నొక్కితే మంచి గ్రంథి నుంచి తేటగా నూనె చుక్క ఊరుతుంది. పాడైనదాంట్లోంచి తెల్లగా, చలికాలం గడ్డకట్టిన నెయ్యిలా వస్తుంది. కొన్నిచోట్ల ఏమీ రాదు. మా దగ్గరికి వచ్చే మీ వయసువాళ్ళలో ఎక్కువగా ఇదే చూస్తాను. గడ్డకట్టినదాన్ని కరిగించాలంటే వేడి కావాలి, మాత్ర కాదు. కాపడం అందరూ పెడతారు, సరిగ్గా పెట్టేవాళ్ళు తక్కువ. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. 40 డిగ్రీల పైన, అంటే రెప్పకు వెచ్చగా తగలాలి, కాలకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు ఆ వేడి నిలవాలి. అందుకని రెండు గుడ్డలు పెట్టుకుని మార్చుకుంటూ ఉండాలి. ఆ వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా దువ్వాలి. కనుగుడ్డు మీద నొక్కకండి. వారానికే మానేసి "పనిచేయలేదు" అనేవాళ్ళతో మాకు రోజూ ఇదే గొడవ. ఇది నెలల పని.

ఇంకోటి, కాటుక రెప్ప లోపలి గీత మీద పెడతారా? ఆ గ్రంథుల నోళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి.

కర్నూలు టీచరమ్మ:
పెడతాను. చిన్నప్పటి నుంచీ. రెప్పలు మాత్రం ఎవరూ నొక్కి చూడలేదు.

ఎస్కేయూ హాస్టల్:
నాకు 22. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నా, కళ్ళు పొడిబారుతున్నాయి. ఇదీ హార్మోనేనా?

మందులకొట్టు:
కాదమ్మా. ఆ మందు నూనె గ్రంథులనే అణుస్తుంది, మొటిమలు తగ్గేదీ అందుకే. రాసిచ్చిన డాక్టరుకు చెప్పు. ఆ మందు వాడేటప్పుడు గర్భం రాకూడదన్న సంగతి కూడా చెప్పే ఉంటారు.

కౌంటర్ ఇవతల నిలబడి చూసేవాణ్ణి కాబట్టి నేనూ రెండు మాటలు. జలుబుకు, దురదకు వాడే సిట్రిజిన్ లాంటి మాత్రలు, నిద్రకూ నరాలకూ రాసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ కన్నీరు తగ్గిస్తాయి. హార్మోన్ల మీద కొట్లాడే ముందు ఇంట్లో మందుల డబ్బా విప్పి చూసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం. "ఎరుపు పోయే చుక్కలివ్వు" అని అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు తీసుకెళ్ళి నెలల తరబడి వేసుకునేవాళ్ళు ఉన్నారు. రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది. తర్వాత కంటిలో ప్రెషర్ పెరిగి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), దాంతోపాటు శుక్లాలు. చీటీ లేకుండా అడగొద్దు, ఇచ్చే కొట్టుకూ పోవద్దు.

బుడ్డలచేను:
మా ఇంట్లో చేప నూనె మాత్రలు తెచ్చుకున్నారు, అవి?

అనంతపురం ఎర్రనేల:
2018లో ఫలితం బయటికొచ్చిన అమెరికా పరీక్షలో 535 మందికి ఏడాది పాటు ఇచ్చి చూశారు. సగానికి పైగా మందికి చేప నూనెలో ఉండే ఒమేగా-3 రోజుకు 3 గ్రాములు, మిగతావాళ్ళకు ఆలివ్ నూనె. రెండు వర్గాలూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. డబ్బులుంటే తినండి, కళ్ళకని కాదు. దుమ్ము గురించి మీరు మొదట్లో అన్నది నేను కొట్టెయ్యను. మాది వానలు తక్కువున్న జిల్లా, గాలిలో తేమ తక్కువైతే కన్నీరు త్వరగా ఆవిరవుతుంది. ధర్మవరంలో మగ్గం మీద పోగు చూసేవాళ్ళకూ, ఫోను చూసేవాళ్ళకూ ఒకటే ఇబ్బంది, రెప్ప వేయడం సగానికి పడిపోతుంది. కానీ అదే ఇంట్లో, అదే కూలర్ ముందు పడుకున్న మొగుడికి లేని మంట పెళ్ళానికి ఎందుకుందంటే టీచరమ్మ చెప్పిన కారణమూ ఉంది. నందివర్ధనం పూలు చల్లగా ఉంటాయి, అంతవరకే. కంట్లోకి రసం పిండొద్దు.

కర్నూలు టీచరమ్మ:
సరే, చివరి మాట అంటాను, తర్వాత మీ ఇష్టం. నాకు ఆండ్రోజన్ తగ్గిందనే మీరూ ఒప్పుకున్నారు. అంటే కారణం హార్మోన్ కాదని చెప్పి పంపించిన డాక్టరు నాకు సగం సమాచారమే ఇచ్చినట్టు. ఆ మాట మీద నేను ఉంటాను. మాత్ర సంగతి గైనకాలజిస్టును అడుగుతాను, కానీ కళ్ళ కోసమని అడగను. ముందు రెప్పలు నొక్కించుకుంటా. ఇక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉందిగా, దసరా సెలవుల్లో పోతాను. షిర్మర్ కాగితం కూడా పెట్టమంటాను. ఒక్క డౌటు. నేను వాడే చుక్కలు రోజుకు ఆరేడుసార్లు పడుతున్నాయి. ఎక్కువా?

మందులకొట్టు:
చుక్కలు ఎక్కువ కావు, సీసా మార్చండి. మామూలు సీసాల్లో చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. రోజుకు నాలుగుసార్లకు మించి వేస్తే అదే కంటిని రాపాడిస్తుంది. ప్రిజర్వేటివ్ లేనివి అడగండి, ఖరీదు ఎక్కువే. రాత్రికి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ వేసుకుంటే పొద్దున రెప్పలు అతుక్కోవు. కాసేపు చూపు మసగ్గా ఉంటుంది, అది మామూలే. వేసుకున్నాక స్కూటీ మాత్రం తీయొద్దు.