సమస్యాపూరణం: కప్ప కూయ సభకు గౌరవమ్ము

నిర్వాహకుడు: రాత్రి వానకి మా పెరటి గుంటలో కప్పలు తెల్లవార్లూ నిద్రపోనివ్వలేదు. పడుకుని వింటూ ఉంటే ఈ పాదం పుట్టింది. ప్రకృతిలోని ధ్వనులూ సంగీతమూ కలిసేలా పూరించండి.

కప్ప కూయ సభకు గౌరవమ్ము

గోదారిగట్టు:
శార్ఙ్గదేవు మాట సప్తస్వరములందు
ధైవతమ్ము కప్పదనుట నిజము
చెరువె సభగ మారు చినుకు మొదలుకాగ
కప్ప కూయ సభకు గౌరవమ్ము

సప్తస్వరాల్లో ఒక్కోటి ఒక్కో జంతువు గొంతుదంటారు. పాత సంగీత గ్రంథం నారదీయ శిక్ష ధైవతాన్ని, అంటే 'ద' స్వరాన్ని, గుర్రానికిచ్చింది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం కప్పకిచ్చింది. నేను రెండోదాన్నే పట్టుకున్నాను. వానాకాలం రాత్రి కప్పల బృందం విన్నవాళ్లెవరూ గుర్రం వైపు వెళ్లరు.

నల్లమల: శార్ఙ్గదేవుణ్ణి తేవడం బాగుంది. కానీ రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన జత అక్షరం, తప్పింది. 'కప్పది + అనుట' అని విడదీస్తే అక్కడున్నది 'అ', 'ద' కాదు. 'ధై'కి చెల్లదు. కిందటి నెల నా పద్యంలో ఇదే తప్పు మీరే పట్టుకున్నారు గోదారిగట్టు గారూ, నేను మర్చిపోలేదు.

గోదారిగట్టు: ఒప్పుకుంటున్నాను. కప్పకి మరో పేరు దర్దురం. సవరణ:
ధైవతమ్మునకును దర్దురమ్మె

నల్లమల: ఇప్పుడు సరిపోయింది. ఇక నాది. ఇందులో నెమలి స్వరం షడ్జం, అంటే 'స'.
ఉరుము మద్దెలయ్యె నూదె వెదురు గాలి
నాట్యమాడు నెమలి నడుమ నిలిచె
షడ్జ మాలపించు సమయాన మబ్బులు
కప్ప, కూయ, సభకు గౌరవమ్ము

తుంగతీరం: 'మబ్బులు కప్ప'! కప్పని క్రియగా విరిచేశారు. చదవగానే లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లలో మీరు చేసిన విరుపుల్లో ఇదే మేలైనది. వెదురు మాట కూడా నాకు చాలా ఇష్టం. గాలి దూరితే తనంతట తాను పలికే బోలు వెదురుని కీచకం అంటారు. పిల్లనగ్రోవికి మొదటి గురువు అదేనని నా నమ్మకం. ఒక్కటే అభ్యంతరం: 'ఆలపించు' అన్నాక మళ్లీ 'కూయ' ఎందుకు?

గోదారిగట్టు: పునరుక్తి సంగతి అలా ఉంచండి. నెమలిది కేక. కూత కోయిలది, ఆమెది పంచమం.

నల్లమల: మా వైపు నెమలి కూసిందనే అంటారండీ. పునరుక్తి మాత్రం నిజమే. 'షడ్జమునకు వేచు సమయాన' అని మారుస్తున్నాను. అది సరే గోదారిగట్టు గారూ, మీ పాత తామరాకు పద్యంలో చినుకులన్నీ ఒకే చప్పుడు చేశాయి. అప్పుడు నేనేమీ అనలేదు.

తుంగతీరం: అప్పుడే అనాల్సింది, ఎందుకంటే కథంతా ఆ చప్పుడులోనే ఉంది. నాట్యశాస్త్రంలో స్వాతి ముని అనధ్యాయం (చదువుకి సెలవు) రోజున నీళ్ల కోసం కొలను దగ్గరికి వెళ్తాడు. జడివాన పట్టుకుంటుంది. చిన్న తామరాకు మీద ఒకలా, మధ్యరకం ఆకు మీద ఒకలా, పెద్ద ఆకు మీద ఇంకోలా పలికింది చినుకు. ఆ తేడాని చెవిలో పెట్టుకుని ఆశ్రమానికి వచ్చి పుష్కర వాద్యాలనే చర్మవాద్యాలు పుట్టించాడు. మృదంగం, పణవం, వాటితో పాటు కుండలా ఉండే మరొకటి. దాని పేరు దర్దురం! గోదారిగట్టు గారూ, మీ సవరణలో కప్పతో పాటు ఆ వాద్యం కూడా వచ్చి కూర్చుంది. కావాలనే వేశారా?

గోదారిగట్టు: లేదండీ, యతి కోసం వేసిన మాట. ఇప్పుడు ఒళ్లు పులకరించింది. తామరాకు పద్యం మళ్లీ రాస్తాను, మూడు ఆకులూ పెట్టి.

నల్లమల: రాయండి. యతి నేను చూస్తాను.