‘లెగసీ’కి వారసత్వం తప్ప మాట లేదా?

సంగీతం మీద ఒక వ్యాసం రాస్తూ ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాను. అమెరికాలో డాలస్ నుంచి పవర్ ట్రిప్ అని ఒక బ్యాండ్ ఉంది. 2008లో మొదలైంది. వాయించేది క్రాసోవర్ థ్రాష్, అంటే హార్డ్‌కోర్ పంక్ దూకుడూ థ్రాష్ మెటల్ గిటారు వేగమూ కలిసిన బాపతు. ముందు నిలబడి పాడే రైలీ గేల్ 2020 ఆగస్టులో, 34 ఏళ్లకే పోయాడు. మూడేళ్ల పైచిలుకు బ్యాండ్ స్టేజీ ఎక్కలేదు. 2023 డిసెంబరులో ఆస్టిన్‌లో, చెప్పాపెట్టకుండా, సెత్ గిల్మోర్ అనే గాయకుడితో మళ్లీ వచ్చింది.

‘దివంగత రైలీ గేల్ వారసత్వాన్ని కొనసాగిస్తున్న పవర్ ట్రిప్’ అని రాశాను. చదువుతుంటే ఎమ్మెల్యే కొడుక్కి టికెట్ ఇచ్చిన వార్తలా ఉంది. వేరే మాట చెప్పండి.

—

‘ఒరవడి’ పెట్టు తమ్ముడూ. పంతులుగారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే పిల్లలు దిద్దుతారు చూడు, అది.

—

బాగుంది అక్కా, కానీ ఆ పాటల్లో గిటారు పని ఇప్పటికీ బ్యాండ్‌లో ఉన్న గిటారిస్టు బ్లేక్ ఇబానెజ్ వాళ్లదే. తామూ కలిసి రాసిన అక్షరాన్ని తామే దిద్దుకుంటున్నట్టు అవుతుంది.

—

అసలు ప్రశ్న కాదుగానీ, క్రాసోవర్‌ని అలాగే ఉంచండి. హ్యూస్టన్‌లో పుట్టిన డి.ఆర్.ఐ. బ్యాండు 1987లో ఆ పేరుతోనే ఆల్బమ్ తెచ్చింది, ఆ మాటే శైలికీ నిలబడిపోయింది. థ్రాష్ ఇంకా తమాషా. ఇంగ్లీషులో థ్రాష్, థ్రెష్ ఒకే మాటకి రెండు రూపాలు. థ్రెష్ అంటే కళ్లంలో పంట నూర్చడం. మన లెక్కన వాళ్లది నూర్పిడి సంగీతం. వ్యాసంలో మాత్రం ఇలా రాయకండి, నవ్వుతారు.

—

నవ్వితే నవ్వనీ మాస్టారూ. పవర్ ట్రిప్‌కి పేరు తెచ్చిన పాట ‘ఎగ్జిక్యూషనర్స్ ట్యాక్స్’ని నేను ‘తలారి పన్ను’ అన్నాను. గేల్ పోయాక దాని లైవ్ రికార్డింగే గ్రామీ నామినేషన్‌కి వెళ్లింది.

—

అబ్బ! తలారి అంటే ఉరి తీసేవాడే కాదు, పాత రోజుల్లో ఊరికి కాపలా కాస్తూ శిస్తు వసూళ్లప్పుడు మునసబు వెంట తిరిగిన మనిషి కూడా. మనిషీ పన్నూ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ సుఖం లేదు.

ఇక మీ వాక్యానికి: ‘అందుకోవడం’ ఎందుకు కాకూడదు? మా ఊరి రామభజనలో పెద్దాయనకి చరణం మధ్యలో దగ్గుతెర వస్తే పక్కవాడు పాట అందుకుంటాడు. తాళం ఆగదు. ఎవరూ అతన్ని వారసుడు అనరు.

—

చిక్కు ఒకటుంది. ‘ఫలానావాణ్ని అందుకున్నాడు’ అంటే సాటి వచ్చాడని అర్థం. గేల్ అభిమానులు ఊరుకోరు.

—

మనిషిని అందుకోవడం వేరు, పాటను అందుకోవడం వేరు అక్కా. కర్మపదం మారితే అర్థం మారిపోతుంది. పేరుకి షష్ఠి పెట్టి, ‘ను’ని పాటకి తగిలిస్తే గొడవ లేదు.

—

కానీ ఇక్కడ తాళం ఆగింది కదా మాస్టారూ, మూడేళ్లు.

—

అయితే అదీ వాక్యంలో పెట్టు.

—

సరే, ఇలా మార్చాను: ‘రైలీ గేల్ దగ్గర ఆగిన పాటను మూడేళ్లకి అందుకున్న పవర్ ట్రిప్’. ‘దివంగత’ కూడా తీసేశాను, ఆ గోల సంగీతం పక్కన అది శ్రద్ధాంజలి ఫ్లెక్సీలా కనిపిస్తోంది. ఎప్పుడు పోయాడో తర్వాతి వాక్యంలో చెప్తాను. తలారి పన్ను మాత్రం వదిలేది లేదు.