విజయనగరంలో లాహోర్, పెషావర్ వంటల హోటల్: గోడల మీద ఏముండాలి, బోర్డు మీద ఏముండాలి?

కోటవెనక_వీధి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. షార్జాలో ఒక పాకిస్తానీ హోటల్ వంటగదిలో చాలాకాలం చేసి వచ్చాను. చేరినప్పుడు గిన్నెలు కడిగేవాణ్ణి. వచ్చేసే నాటికి నిహారీ (రాత్రంతా ఉడికే మాంసం పులుసు) డేగిసా బాధ్యతంతా నాదే. మా ఉస్తాదు పెషావర్ మనిషి. కోపం ఎక్కువ, చెయ్యి మంచిది.

ఇప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచిపోయే దూరంలో మేడమీద హాలు అద్దెకు తీసుకున్నాను. అరవై మంది కూర్చోవచ్చు. వంట గురించి నాకు టెన్షన్ లేదు. టెన్షనంతా అలంకరణ గురించే. విశాఖ నుంచి ఒక కుర్రాడు వచ్చి 3డీ బొమ్మలు గీసిచ్చాడు, ఇక్కడ పెట్టాను చూడండి. లోపలికి అడుగుపెట్టగానే నిలువెత్తు ఆకుపచ్చ గోడ, దాని మీద నెలవంక, నక్షత్రం. అటూ ఇటూ ప్లాస్టరాఫ్ పారిస్ మినార్లు. క్యాష్ కౌంటర్ వెనక పాకిస్తానీ ట్రక్కు వెనక భాగం బొమ్మ. 'పాకిస్తాన్ థీమ్ అంటే ఇదే సార్' అంటాడు.

మా ఆవిడ ఆ బొమ్మ చూసి ఒకే ఒక్క మాట అడిగింది: 'మా తమ్ముడు సెలవు మీద వస్తే వీటిలో ఏ గోడ దగ్గర కూర్చోబెడతారు?' మా బామ్మర్ది ఆర్మీలో ఉన్నాడు, ప్రస్తుతం జమ్మూ వైపు. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి నేను పనిచేసిన హోటల్లో జెండా లేదు, మినారు లేదు. టేబుల్ మీద పూల ప్లాస్టిక్ గుడ్డ, స్టీలు జగ్గు, మూలన టీవీలో క్రికెట్. కూర్చోగానే అడక్కుండా ఉల్లిపాయ, ముల్లంగి, నిమ్మ ముక్కల పళ్ళెం, పుదీనా పెరుగు వచ్చేసేవి. ట్రక్కు డ్రైవర్లు, మేస్త్రీలు, మన శ్రీకాకుళం కుర్రాళ్ళు అందరూ ఒకే బల్ల మీద తినేవాళ్ళు. అదే కావాలి నాకు. కానీ అదే పెడితే 'ఇందులో థీమ్ ఏముంది' అంటారేమో. రంగులు, సామాను, పేరు, పాటలు, దేని గురించైనా సరే, తెలిసినవాళ్ళు చెప్పండి. గోడలకీ, సామానుకీ కలిపి పన్నెండు లక్షలు దాటకూడదు.

సిరిమాను_వీధి:

తిండికి ఇంకే దేశమూ దొరకలేదేటి నీకు?

లారీషెడ్_ఇంటీరియర్స్:

పై ఆయన్ని పట్టించుకోకు అన్నా. అయితే అదే మాట రేపు నీ మెట్ల దగ్గర నిలబడి ఇంకొకడు కూడా అడుగుతాడు. అందుకని తయారుగా ఉండు.

ముందు ఆ 3డీ బొమ్మని ఫోన్లో పెద్దది చేసి చూడు. క్యాష్ కౌంటర్ వెనక ట్రక్కు బొమ్మలో, నెమలి పక్కన నిలువుగా తెల్లగా ఉంది చూశావా? అది క్షిపణి. ఆ కుర్రాడు గూగుల్లో దొరికిన ఫోటోని తెచ్చి అతికించేశాడు. పాకిస్తాన్ ట్రక్కుల మీద నెమళ్ళు, డేగలు, చకోరాలు, గులాబీలతో పాటు యుద్ధవిమానాలు, క్షిపణులు కూడా వేస్తారు. వెనక తలుపు మీద జనరల్ అయూబ్ ఖాన్ బొమ్మ మరీ ప్రసిద్ధం. 'నువ్వు పోయాకే నీ విలువ గుర్తొచ్చింది' అన్న అర్థం వచ్చే లైను కింద రాస్తారు. 1965 యుద్ధం జరిగింది ఆయన హయాంలోనే. మీ బామ్మర్ది దాని ముందు కూర్చుని చప్లీ కబాబ్ తినాలా? ఉర్దూ అక్షరాలు ఏవి వేయించినా, చదవడం వచ్చినవాళ్ళకి చూపించాకే గోడకెక్కించు.

ఇక నా అభిప్రాయం. నీ థీమ్ దేశం కాదన్నా, నువ్వు పనిచేసిన ఆ డ్రైవర్ల హోటల్. దేశం మొత్తాన్ని మేడమీది హాల్లో ఇరికిద్దామని చూస్తే జెండా, మినారు తప్ప ఇంకేమీ మిగలదు. లాహోర్ వేరు, కరాచీ వేరు, క్వెట్టా టీ హోటల్ వేరు. ఒక్కటి పట్టుకో. నీకు చేతనైనది హైవే పక్క వంట, కాబట్టి ట్రక్కు పట్టుకో.

ట్రక్కు అంటే బొమ్మ వేసి వదిలెయ్యడం కాదు. అక్కడి పాత బెడ్‌ఫోర్డ్ లారీలకి క్యాబిన్ పైన ముందుకు వంగిన కిరీటం లాంటి చెక్క పలక ఉంటుంది, దాన్ని తాజ్ అంటారు. నీ కిచెన్ కిటికీ మీద అది కట్టించు, పళ్ళేలు దాని కింద నుంచి బయటకి రావాలి. పెషావర్, స్వాత్ వైపు లారీలకి తలుపులు చెక్కుడు పనివి, వాటికి రంగు వెయ్యరు. నీ ముఖద్వారానికి ఆ పోలిక తీసుకో. కరాచీ వైపు మెరిసే టేపుని సన్నగా కోసి అతికిస్తారు, దానికి చమక్‌పట్టీ అని పేరు. మన లారీలకి అంటించే రిఫ్లెక్టర్ స్టిక్కరే అది. స్టిక్కర్ కటింగ్ షాపులో ఇస్తే మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. బంపరు కింద గొలుసులు, చిన్న గంటలు వేలాడతాయి. గంటలకి ఆన్‌లైన్లో వెతక్కు, బుడితి వెళ్ళి ఇత్తడి పనివాళ్ళని అడుగు.

ఇదంతా ఒక్క గోడకే. మిగతా మూడు గోడలకీ సున్నం రంగు వేసి వదిలెయ్. నాలుగు గోడలూ మెరిస్తే పదిహేను నిమిషాల్లో తలనొప్పి వస్తుంది, కస్టమర్ బిల్లు అడుగుతాడు.

సామాను అక్కడి నుంచి తెప్పిస్తానని ఎవడైనా అంటే నమ్మకు. 2025 మే 2 నుంచి పాకిస్తాన్ సరుకు దిగుమతి పూర్తిగా బంద్, వేరే దేశం మీదుగా తెచ్చినా సరే. అక్కర్లేదు కూడా. సింధ్ అజ్రక్ (అచ్చులతో అద్దే గుడ్డ) కావాలంటే కచ్‌లో అజ్రఖ్‌పూర్ ఉంది. అదే నీలిమందు, అదే మంజిష్ఠ ఎరుపు, అచ్చులు అద్దేది ఖత్రీలు. వాళ్ళ పూర్వీకులు సింధ్ నుంచి వచ్చినవాళ్ళే. కానీ దాన్ని టేబుల్ తుడిచే గుడ్డగానో, కుర్చీ మీద కూర్చునే మెత్తగానో వాడకు. సింధ్‌లో వచ్చిన అతిథికి అజ్రక్ కప్పి గౌరవిస్తారు. గోడకి ఫ్రేము కట్టించు. ముల్తాన్ నీలం టైళ్ళ బదులు జైపూర్ నీలం టైళ్ళు తెప్పించి చేతులు కడుక్కునే చోట నాలుగు వరసలు వేయి, చాలు.

లాహోర్ వజీర్ ఖాన్ మసీదు టైళ్ళ ఫోటో చూపించి 'ఇలా చేద్దాం సార్' అంటాడు ఆ కుర్రాడు, రాసిపెట్టుకో. 1641 నాటికి పూర్తయిన కట్టడం, పనితనం అద్భుతమే. కానీ అందులో ఖురాన్ వాక్యాలు ఉంటాయి. తిండి బల్లల పక్కన వాటిని పెడితే నీ ముస్లిం కస్టమర్ ఊరుకోడు, ఊరుకోకపోవడం న్యాయమే.

నులక మంచాలు ఒకటో రెండో చాలు, అదీ బయట వెయిటింగ్ దగ్గర. చీరల్లో వచ్చే పెద్దవాళ్ళు మంచం మీద మఠం వేసుకుని కరాహీ (కడాయిలో వండే మాంసం కూర) తినలేరు. ప్లైవుడ్ మెరైన్ గ్రేడే వాడు, మన గాలి తేమకి మామూలుది ఉబ్బిపోతుంది.

ఎచ్చెర్ల_ఒడ్డు:

అన్నయ్యా, నాది మత్స్యలేశం పక్క ఊరు. ఇక్కడ పాకిస్తాన్ అంటే క్రికెట్టూ కాదు, కబాబూ కాదు. 2018 చివర్లో గుజరాత్ సముద్రంలో వేటకెళ్ళిన మా వైపు వాళ్ళని అక్కడి కోస్ట్‌గార్డు పట్టుకుపోయింది మీకు తెలిసే ఉంటుంది. ఏడాది దాటి కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇరవై మందిని అప్పగించారు. దాని మీద సినిమా వచ్చాక అందరికీ తెలిసింది గాని, ఆ ఏడాది ఇళ్ళల్లో ఎలా గడిచిందో మాకు తెలుసు. మా అత్త ఇప్పటికీ టీవీలో కరాచీ అనే మాట వినపడితే ఛానెల్ మార్చేస్తుంది.

హోటల్ పెట్టొద్దని నేను అనడం లేదు. మా వాళ్ళు షార్జాలోనూ ఉన్నారు, పాకిస్తానీ హోటళ్ళలోనే తింటారు, రొట్టె బాగుంటుందంటారు. తిండితో మాకు పేచీ లేదు. కానీ బోర్డు మీద 'కరాచీ' అనో, 'పాకిస్తాన్' అనో సరదాకి పెట్టకండి. మీకది థీమ్, మా ఇంట్లో కాదు. హైదరాబాద్ కరాచీ బేకరీ వాళ్ళు దేశవిభజనప్పుడు అక్కడి నుంచి వచ్చేసిన సింధీ కుటుంబం, 1953లో పెట్టిన దుకాణం. వాళ్ళకే 2019లో బెంగళూరు కొట్టు బోర్డు మీద ఆ మాటకి ముసుగు కప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి అది సొంత ఊరి జ్ఞాపకం. మీకు అలాంటిదేమీ లేదు కదా, ఎందుకు తలకెత్తుకోవడం?

ఇంకో మాట. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకండి. 'నార్త్ ఇండియన్ హోటల్' అని దాచిపెడితే ఏదో ఒక రోజు బయటపడుతుంది, అప్పుడు ఎక్కువ గోల. 'పెషావర్ ఉస్తాదు దగ్గర నేర్చుకున్న వంట' అని మెనూ మొదటి పేజీలో ఒక లైను రాయండి. దానికి కోపం వచ్చేవాళ్ళు మీ ఊళ్ళో తక్కువే ఉంటారు.

పాతహోటల్_పెద్దాయన:

బాబూ, నాది శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర హోటల్. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. గోడల సంగతి కుర్రాళ్ళు చెప్పారు, నేను ప్లేటు సంగతి చెబుతాను.

మన రెండు జిల్లాల్లో బిర్యానీ లేని మాంసాహార హోటల్ రెండో నెల చూడదు. సింధీ బిర్యానీ పెట్టు. బంగాళాదుంప, టమాటా, పెరుగు, ఎండు ఆల్‌బుఖారా పళ్ళు పడే పులుపు బిర్యానీ అది. మనవాళ్ళకి పులుపు పడుతుంది. హైదరాబాదీతో పోటీ పడనక్కర్లేదు, పోలికే రాదు.

నిహారీ రోజూ వద్దు, శని ఆదివారాలు చాలు. బీఫ్‌తో నీకు అక్కడ కుదిరినంత చవగ్గా ఇక్కడ మేక కాళ్ళతో కుదరదు. రాత్రంతా పొయ్యి మీద ఉండే వంటకి గ్యాసు ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. మిగిలితే సోమవారం నష్టం మొత్తం నీదే. ముందు రోజు ఆర్డర్ తీసుకుని వండు. 'అయిపోయింది' అని బోర్డు పెట్టాల్సి వస్తే మరీ మంచిది.

పెషావరీ కరాహీలో ఉల్లిపాయ ఉండదు, టమాటా, పచ్చిమిర్చి, ఉప్పు, మిరియం, కొవ్వు. నీకు తెలిసిందే. మన కస్టమర్ మాత్రం 'మసాలా వెయ్యడం మర్చిపోయారా' అంటాడు. వడ్డించేవాడికి ఒక్క వాక్యం నేర్పించు, బల్ల దగ్గరే చెప్పేస్తాడు. ఇనప కడాయిలోనే వడ్డించు. అందంగా ఉందని ఇత్తడి గిన్నెలో టమాటా కూర పొయ్యకు, కళాయి లేకపోతే చిలుమెక్కుతుంది.

పాటల గురించి అడిగావు. హోటల్లో రికార్డింగు పాటలు వెయ్యాలంటే లైసెన్సు డబ్బు కట్టాలి, అది ఎవరి పాటకైనా ఉన్నదే. పైగా 2025 మే 8న పాకిస్తాన్ పాటలు, సీరియళ్ళు ఆపెయ్యమని కేంద్రం ఓటీటీలకి సలహా ఇచ్చింది. ఆ గొడవ మనకెందుకు? పంజాబీ సూఫీ కవి బుల్లేషా పదాలు మన పంజాబ్ గాయకులూ పాడతారు, రాజస్థాన్ జానపద గాయకులు మాంగణియార్ల పాటలున్నాయి. వాల్యూమ్ తగ్గించి వేసుకో. పైడితల్లమ్మ పండగ వారం మాత్రం ఏమీ వెయ్యకు, ఊరంతా డప్పులే.

కోటవెనక_వీధి:

క్షిపణి సంగతి నిజంగా చూడలేదు అన్నా. మా ఆవిడకి చూపిస్తే నవ్వి, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ 3డీ తీసి పక్కన పెట్టేశాను.

ఎచ్చెర్ల చెల్లెమ్మా, ఊరి పేరు, దేశం పేరు ఏదీ పెట్టను. 'ఉస్తాద్ నిహారీ' అనుకుంటున్నాను. బోర్డు మీద తెలుగు అక్షరాలు పెద్దవిగా, కింద చిన్నగా కరాహీ, చప్లీ కబాబ్, పాల చాయ్. మెనూ మొదటి పేజీలో మా ఉస్తాదు గురించి రెండు లైన్లు రాస్తాను. మొన్న వాట్సాప్ చేసి అడిగితే 'నా పేరు రాయకు, ఉప్పు సరిగ్గా వెయ్' అన్నాడు.

పెద్దాయన గారూ, శనాదివారాల ఆలోచన బాగుంది. మా హోటల్లో రాత్రి పదకొండింటికి కాళ్ళ మాంసం, నల్లీ ఎముకలు వేసి, మూత అంచుకి పిండి ముద్ద పూసి మూసేవాళ్ళం. తెల్లారి మూత తీస్తే పైన ఎర్రటి తరి (కొవ్వు, నూనె) తేలుతుంది. దాన్ని గరిటెతో విడిగా తీసి, గోధుమపిండి నీళ్ళతో పులుసు చిక్కబరిచి, వడ్డించేటప్పుడు తరి మళ్ళీ పైన పొయ్యాలి. ఆ పని వేరేవాళ్ళకి అప్పజెప్పలేను, కాబట్టి వారానికి రెండు రాత్రులే మేలు.

ఉల్లిపాయ, ముల్లంగి పళ్ళెం మాత్రం డబ్బులు తీసుకోకుండా పెడతాను. ఉల్లి రేటు ఎంతున్నా సరే.

ఇప్పుడు ఒక్కటే కావాలి. చేత్తో లారీలకి బొమ్మలు వేసే పెయింటర్లు మన వైపు ఇంకా ఎక్కడున్నారు? నేను అడిగిన షెడ్లన్నిటిలో స్టిక్కర్లే అంటిస్తున్నారు.

లారీషెడ్_ఇంటీరియర్స్:

గజపతినగరం రోడ్డులో పాత బాడీ షెడ్లు ఒకటీ అరా ఉన్నాయి. అక్కడికి ఉదయాన్నే వెళ్ళి, వయసు మళ్ళిన పెయింటర్ ఎవరని అడుగు. ఫోన్లో ఫోటో చూపించి 'ఇదే దించు' అనకు. నెమలి, గులాబీ, చెరువు, పులి కావాలని చెప్పి వదిలెయ్, వాళ్ళకి వాళ్ళ నెమలి ఉంటుంది. పలకలు కింద పరుచుకునే వేయించు, ఆరాక మేడ మీదకి ఎక్కించు. హాల్లోనే ఎనామెల్ కొట్టిస్తే ఆ వాసన చాలా రోజులు పోదు, ఓపెనింగ్ రోజు నీ నిహారీ వాసన ఎవరికీ తెలియదు. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకు.